గీత డైరీలో దేవవ్వ మాట

పోయిన వారం గీతను కోరుట్ల కోర్టు ఆవరణలో, లోక్ అదాలత్ గది గోడకు ఆనుకుని నిలబడ్డ చోట వదిలిపెట్టి వచ్చాం. తెల్ల చుడీదారు, నల్ల కోటు, చంకలో దేవవ్వ కేసు కట్ట. ఆ పిల్ల అక్కడిదాకా ఎట్లా వచ్చిందో మరిచిపోయిన వాళ్లుంటే రెండు ముక్కల్లో గుర్తు చేసుకుందాం. ఈ వారమే పుస్తకం చేతపట్టిన వాళ్లకూ పనికొస్తుంది.

కథలాపూర్ భూమయ్య మనవరాలు గీత. తండ్రి దివాకర్ షార్జాలో పైపుల పని చేస్తాడు. పిల్ల కరీంనగర్‌లో లా చదువు, ఆఖరి సంవత్సరం. ఆ చదువు పుస్తకంతో తీరేది కాదట. ఒక వకీలు దగ్గర కొన్ని వారాలు కూర్చుని పని చూడాలి, కేసు పెట్టినవాళ్ల గోడు వినాలి, విన్నదీ కన్నదీ డైరీలో రాసి కాలేజీలో ఇవ్వాలి. దానికే ఇంటర్న్‌షిప్ అని పేరు. ఇంట్లో నల్లకోటు వేసినవాళ్లెవరూ లేని పిల్లకు ఆ చోటు దొరకడం ఎంత కష్టమో గీతకు ఎండాకాలంలో తెలిసొచ్చింది. జగిత్యాలలో ఏడు ఆఫీసుల మెట్లెక్కింది. ఒకాయన “ఎవరి బిడ్డవు, ఎవరు పంపిండ్రు?” అని అడిగి, ఎవరూ పంపలేదనగానే ఫోను చెవిలో పెట్టుకున్నాడు. ఇంకొకాయన మరీ మంచివాడు. “ఎండల ఎందుకు తిరుగుతవమ్మా? సర్టిఫికెట్ రాసిస్త తీస్కపో, నువ్వు రావల్సిన పనే లేదు” అన్నాడు. ఆ మంచితనానికి ఒక దండం పెట్టి గీత మెట్లు దిగింది. పని నేర్వకుండా కాగితం పట్టుకుపోతే, రేపు జడ్జి ముందు నిలబడ్డప్పుడు ఆ కాగితం మాట్లాడుతుందా?

ఆఖరికి కోరుట్ల కోర్టులో నకళ్లిచ్చే కిటికీ దగ్గర చేరింది. ఎవరూ రమ్మనలేదు. వచ్చిన ముసలివాళ్లకు దరఖాస్తులు నింపిపెడుతూ కూర్చుంది. మూడు రోజులు చూసి, నాలుగో రోజు పలకరించినవాడు గుమస్తా పోచయ్య. వకీలు మదన్ మోహన్ రావు దగ్గర ముప్పై ఒక్క ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. “సార్, గీ పిల్ల చేతిరాత ఒక్కపారి చూడుండ్రి” అని తీసుకుపోయి నిలబెట్టింది ఆయనే. సారు అడిగింది ఒక్కటే మాట. “పొద్దున ఎనిమిదింటికి రాగలవా?” వచ్చింది. అయిదు వారాలుగా వస్తూనే ఉంది. ఇంకా ఏడు వారాలు మిగిలి ఉన్నాయి.

ఇక దేవవ్వ. ముత్యంపేట మనిషి, అరవై దాటిన మనిషి. మొగుడు పోయి నాలుగేళ్లు. ఆయన పాలుకు వచ్చే రెండెకరాల పది గుంటలు (నలభై గుంటలైతే ఒక ఎకరం) మరిది జైపాల్ దున్నుకుంటున్నాడు, అడిగితే రేపూమాపూ అంటాడు. పంపకం కోసం దావా వేసింది. ఇంటివాళ్ల తగాదా కదా, కూర్చుని మాట్లాడుకోండని కోర్టు లోక్ అదాలత్‌కు పంపింది. శనివారం నాడు ఆ బెంచీ ముందు జైపాల్ నవ్వుతూ అన్న మాట దగ్గరే మనం ఆగాం.

“రెండెకరాలు ఏం జేస్కుంటవ్ వదినా? బాయి దిక్కు ఇరవై గుంటలిస్త. నీ బర్రెకు నీళ్లు దొరుకుతె సాలు గద నీకు!”

దేవవ్వ తల తిప్పింది. మరిది వైపు కాదు. తన వకీలు వైపు చూసింది, గుమస్తా వైపు చూసింది, చివరికి గీత వైపు చూసింది.

* * *

ఆ రోజు బేరం కుదరలేదు. దేవవ్వ నోరు విప్పకపోయేసరికి బెంచీ వాళ్లు ఇంకో తారీఖు రాసి పంపేశారు.

కోర్టు నుంచి ఆఫీసు నడిచిపోయే దూరమే. మామూలుగా ఆ దారంతా దేవవ్వ ముచ్చటే నడిచేది. బర్రె ఈనినప్పుడు వాన పడ్డ సంగతి, షుగర్ ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో చెరుకు బండ్లు ఎక్కడిదాకా వరస కట్టేవో ఆ సంగతి, తన మొగుడు బండి మీద నిద్రపోతే ఎడ్లే ఇల్లు చేర్చిన సంగతి. వింటూ నడిస్తే దూరం తెలిసేది కాదు. ఈ రోజు చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

గీత అందరికన్నా వెనుక నడిచింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర లేదు. జైపాల్ నోట ‘బర్రె’ అన్న మాట పడగానే డైరీ పేజీ కళ్ల ముందుకు వచ్చింది. అది తన చేతిరాతే.

మూడు వారాల కింద దేవవ్వ ఆఫీసు లోపలి గదిలో కూర్చుని సారుతో చెప్పిన మాట అది. “మొత్తం నా హక్కే. గని వాడు ఇయ్యనే ఇయ్యడనుకో, బాయి దిక్కు ఇరవై గుంటలన్న ఇడిస్తె సాలు. నా బర్రెకు నీళ్లు దొరుకుతయి, దాన్ని పట్టుకొని నేను బతుకుత.” అప్పుడు సారు ముందుకు వంగి, “అవ్వా, గీ మాట ఇక్కడనే పెట్టు. గడప దాటనియ్యకు. నీ ఆఖరు మాట ఏందో తెలిస్తె అవతలోడు దాని మీద ఒక్క గుంట సుత ఎక్కువ ఇయ్యడు” అన్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

గీత ఆ మాట పెదవి దాటించలేదు. రాసింది. కాలేజీ వాళ్లు ఇద్దరు కక్షిదారులను కూర్చోబెట్టుకుని విన్నది రాయమన్నారు, వాళ్ల మాటల్లోనే రాస్తే మార్కులు ఎక్కువన్నారు. రాసిన డైరీని మంగళవారం నాడు జగిత్యాల బస్టాండులో పూజకు ఇచ్చింది. పూజ తన తరగతిదే. కాపీ చేసుకుని శుక్రవారం తిరిగిచ్చింది. పక్కింటికి చారెడు ఉప్పు ఇచ్చినట్టు ఇచ్చింది గీత. ఇంటర్ నుంచీ అంతే కదా, రికార్డు ఒక్కరు రాస్తే పదిమంది దింపుకుంటారు. దాన్ని తప్పని ఎవరూ అనరు, ఇవ్వకపోతేనే పొగరంటారు.

పూజ ఇంటర్న్‌షిప్ చేసేది జగిత్యాలలో వకీలు రఘు దగ్గర. జైపాల్ తరఫున ఈ కేసు నడుపుతున్నది ఆ రఘే. ఆ సంగతి గీతకు తెలియదా అంటే తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అంతే.

* * *

లోపలి గదిలో మదన్ మోహన్ రావు కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన తాత ఒక ఊరిని నోటి మాటతో నడిపిన దొర. గడీ అనే ఆ దొరల కోట కూలి, భూములు పోయి, మనవడికి మిగిలింది ఈ ఆఫీసూ, పుస్తకాలూ. అయినా ముసలివాళ్ల నోటికి ఆ పిలుపు అట్లానే అంటుకుని ఉంది.

“కూసో అవ్వా. నీళ్లు తాగుతవా?”

“నాకెందుకు దొరా నీళ్లు? ఇరవై గుంటల మస్తు ఉన్నయట గద.”

“దొర అనకని ఎన్నిసార్లు చెప్పాలె? వకీలును.”

“సరె, వకీలు సాబ్. ఆ పొద్దు నువ్వేమన్నవు? గడప దాటనియ్యకు అన్నవు. నేను దాటనియ్యలే. నా బిడ్డ ఫోన్ల అడిగింది, చెప్పలే. నా బర్రెకు సుత చెప్పలే. మరి గా జైపాల్‌గానికి ఎవలు చెప్పిండ్రు?”

“తెలుసుకుందాం.” సారు గొంతు పెంచలేదు. కోర్టులో సాక్షిని అడిగేటప్పుడు ఎట్లా ఉంటాడో అట్లానే ఉన్నాడు. “ఆ దినం గీ గదిల ఎవరెవరం ఉన్నం?”

దేవవ్వ వేళ్లు మడిచింది. “నువ్వు. నేను. పోచయ్య. గా మూలకు గీ పిల్ల.”

“బయట వరండాల?”

“ఎవ్వలు లేరు. వాన గొడుతుండె. కిటికీ సుత పోచయ్యనే మూసిండు.”

మూసింది పోచయ్యే అనగానే ఆమె చూపు ఆయన దగ్గర ఆగింది.

“పోచయ్యా, నీ అత్తగారిల్లు మా ఊరే గద.”

“అవునవ్వా.”

“జైపాల్‌గాని ఇంటెన్కనే గద. మొన్న బోనాలకు అచ్చినవు.”

“అచ్చిన. బామ్మర్ది ఇంట్ల బువ్వ తిన్న.”

“వాడు నీకు కల్లు పోసిండు. నేను నా కండ్లతోటి చూసిన.”

“పోసిండు. తాగిన. గని కేసు మాట...” పోచయ్య ఆగిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లు కోర్టు మెట్లెక్కి దిగిన మనిషి. మాట ఎంత పెంచితే అంత ముడిపడుతుందని తెలిసినవాడు. నడుముకు కట్టుకున్న తాళాల గుత్తి విప్పాడు. అందులో బీరువా తాళానికి ఎర్ర దారం చుట్టి ఉంటుంది. కేసు కట్టలన్నీ ఆ బీరువాలోనే. గుత్తిని తెచ్చి సారు ముందు పెట్టాడు.

“గీ గదిల మాట నా పెండ్లానికి సుత తెల్వది సార్. నా పెద్దబిడ్డ పెండ్లికి అచ్చినోళ్లల్ల సగం మంది మన కేసులోళ్లే. ఎవ్వలి ముచ్చట ఎవ్వలికి చెప్పలే. గని అవ్వకు నా మీద అనుమానం పడ్డది. గిప్పుడు తాళాలు నా నడుముకు ఉండొద్దు.”

సారు ‘తీసుకో పోచయ్యా’ అనలేదు. అనడానికి లేదు. అట్లా అంటే దేవవ్వను అబద్ధాలమారి అన్నట్టే. తాళాలను చూస్తూ కూర్చున్నాడు.

గీత మూలన నిలబడి ఉంది. ఇప్పుడు తాను ఊరుకుంటే చాలు. పూజ చెప్పదు, ఆమెకు అసలు ఏం జరిగిందో కూడా తెలియదు. డైరీ సంచిలోనే ఉంది. ఇంకో ఏడు వారాలు గడిస్తే సారు సంతకం, ఆ సంతకంతో కాలేజీ మార్కులు, ఆ మార్కులతో నల్ల గౌను. షార్జాలో తండ్రి అప్పుడే గదిలోవాళ్లకు ‘మా బిడ్డ వకీలు’ అని చెప్పుకుంటున్నాడు. చెప్పేస్తే ఈ గడప మళ్లీ తొక్కనిస్తారా? జగిత్యాలలో ఏడు ఆఫీసులూ ఈ సంగతి విన్నాక ఇంకెవరు రమ్మంటారు? కోర్టు ఆవరణలో ఒక మాట కిటికీ నుంచి కిటికీకి పోవడానికి చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టదు.

పోచయ్య అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తాళాలు లేని చేతులు ఏం చేసుకోవాలో ఆయనకు తెలియడం లేదు. గీత అది చూసింది.

“సార్, పోచయ్య కాక కాదు. నేను.”

* * *

“జైపాల్‌కు నువ్వు చెప్పినవా?” సారు అడిగాడు.

“చెప్పలేదు సార్. డైరీల రాసిన.”

“డైరీ తే.”

సారు కళ్లద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పాడు. కక్షిదారు పేరు. వయసు. ఊరు. కేసు. కింద దేవవ్వ చెప్పిన మాటలు, గుండ్రటి అక్షరాల్లో, కొట్టివేత లేకుండా. ఆయన చదవడం మొదలుపెట్టాడు, పైకే చదివాడు. ఇరవై గుంటలూ, బాయి దిక్కూ, బర్రెకు నీళ్లూ, దాన్ని పట్టుకుని బతకడమూ.

దేవవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

“అచ్చం నా మాటే. ఒక్కటి సుత పొల్లువోలే” అన్నది. “నాకు సదువు రాదు. నా మాట కాయిదం మీద పెడితె గిట్లుంటదని ఇయ్యాల్నే ఎరుకైంది. మంచిగ రాసినవు బిడ్డా. నువ్వు మంచిగ రాసినవు గనుకనే వానికి మంచిగ సమజైంది.”

తిట్టి ఉంటే గీత ఓర్చుకునేది. ఈ మాటకు కళ్ల వెంట నీళ్లు జారాయి.

“ఏడ్వకు” అన్నాడు సారు. “ఏడిస్తె అడిగినదానికి జవాబు రాదు. ఎవరికిచ్చినవు?”

“పూజ అని మా క్లాస్‌మేట్ సార్. రికార్డు కాపీ చేసుకుంటనంటె ఇచ్చిన.”

“ఆ పిల్ల ఎక్కడ చేస్తది?”

గీత తల వంచింది. “జగిత్యాల. రఘు సార్ ఆఫీసుల.”

పోచయ్య “అయ్యో బిడ్డా” అన్నాడు.

“అంటె మన కేసు కట్టను అవతలి వకీలు బల్ల మీదికి నువ్వే మోసినవు. బస్సు కిరాయి పెట్టుకొని మరీ.”

“సార్, రికార్డులు మేమందరం ఇచ్చుకుంటం సార్. ఇంటర్ల సుత...”

“ఇంటర్ల ఏం రాసినవు?”

“కప్ప... కప్ప బొమ్మేసి, దాని భాగాలు రాసిన సార్.”

“కప్ప ముచ్చట పదిమంది దింపుకుంటె కప్పకు నష్టం లేదు. దేవవ్వ కప్ప కాదు. నీకు చట్టం కాలేజీల చెప్తరు, సెక్షన్లు నేను చెప్పకున్నా పుస్తకంల దొరుకుతయి. ఇక్కడికి నిన్ను పిలిచింది అందుకు కాదు. మనిషి మన ముందట కూసొని మాట తీసి పెడితె, దాన్ని ఏడ పెట్టాలె, ఎట్ల దాయాలె, అది నేర్వనీకె పిలిచిన. పేరు రాయకుండ, ఊరు రాయకుండ కేసు ఎట్ల రాయాలెనో నన్ను అడిగినవా?”

“అడుగలేదు సార్.”

“నేను సుత చెప్పలేదు” అన్నాడు సారు. డైరీని బల్ల మీద పెట్టాడు. “అది నా తప్పు. నీ తప్పు నీకున్నది, నా తప్పు నాకున్నది. గా పిల్లకు ఫోన్ జెయ్యి. అందరికి వినపడేటట్టు పెట్టు. అబద్ధం ఆడకు, బెదిరియ్యకు. ఏం జరిగిందో అడుగు.”

ఫోను నాలుగుసార్లు మోగాక పూజ ఎత్తింది.

“ఏందే గీతా, శనివారం సుత ఇడువరా మీ సారు?”

“పూజా, నా డైరీ ఏడ కూసొని రాసుకున్నవు?”

“మా ఆఫీసులనే. ఎందుకే?”

“ఎవలన్న చూసిండ్రా?”

“రఘు సార్ కోర్టుకు వోయిండు. నేను ముందల గదిల రాస్తున్న. ఒకాయన బెంచి మీద కూసున్నడు సార్ కోసం. ఏం రాస్తున్నవు బిడ్డా అన్నడు. ఒక ముసలామె ముచ్చట అన్న. మంచిగున్నయే ఆమె మాటలు, అందుకే సదివి వినిపించిన. పేరు సదువలేదు, ఒట్టు. బర్రె ముచ్చట కాడ ఆయన నవ్విండు. ఇంకోపారి సదువు బిడ్డా అన్నడు. సదివిన.”

“ఆయన పేరేంది?”

“పేరు నాకేం తెల్సే? ముత్యంపేట నుంచి వస్తడు. తెల్ల అంగీ, చేతికి దుబాయ్ గడియారం.” అవతల పూజ గొంతు తగ్గింది. “ఏమైందే? ఏమన్న లొల్లి అయిందా?”

“మళ్ల చేస్త” అని గీత ఫోను పెట్టేసింది.

దేవవ్వ లేచి నిలబడింది. పోచయ్య దగ్గరికి పోయి, ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“పోచయ్యా, నా నోరు పాడువడ. నీ మీద పెట్టిన.”

“పెట్టాల్సిందే అవ్వా. నీ జాగల నేనున్న నా మీదనే పెడుదు.”

“తాళాలు తీస్కో మరి.”

“సారు ఇయ్యాలె.”

సారు గుత్తి వైపు చెయ్యి చాపేలోపల దేవవ్వ ఆయన వైపు తిరిగింది. “వకీలు సాబ్, ఒక్క మాట. నేను ఇరవై గుంటలకు దిగింది ఎందుకు? వాడు ఇయ్యడని బుగులు. గిప్పుడు ఆ మాట వాని నోట్లకు వోయి ఎంగిలైంది. ఇగ నాకద్దు. రెండెకరాల పది గుంటలు, ఒక్క గుంట తక్కువైనా సంతకం వెట్ట. వేలిముద్ర సుత వెయ్య. వచ్చే తారీఖుకు గిదే చెప్పు.”

“ఇంకో రెండేండ్లు పడుతది అవ్వా.”

“పట్టనియ్యి. నా బర్రె నాలుగేండ్ల సంది పక్కోళ్ల బాయిల తాగుతలేదా? ఇంకో రెండేండ్లు తాగుతది.”

ఆ గదిలో అంతసేపటికి మొదటిసారి ఎవరో నవ్వారు. నవ్వింది సారే. కానీ గీత వైపు తిరిగేసరికి ఆ నవ్వు లేదు.

“నీ సంగతి...”

“దాన్ని ఎల్లగొట్టకు” అన్నది దేవవ్వ. “ఎల్లగొడితె ఏడ నేర్సుకుంటది? ఇంకోకాడికి వోయి ఇంకో ముసల్దాని మాట పారేస్తది. నా మాటతోటి నేర్సుకున్నది, ఆ నష్టం నాది. నీదగ్గర్నే ఉండనియ్యి.”

“అది నేను చెప్పాలె అవ్వా, నువ్వు కాదు” అన్నాడు సారు. కసురుకోలేదు, మెత్తబడలేదు. ఉంచుతాడో పొమ్మంటాడో గీత ఆయన ముఖంలో వెతికితే ఏమీ దొరకలేదు.

అప్పుడే పోచయ్య అడిగాడు, మెల్లగా. “గీతమ్మా, కాలేజోళ్లు ఇద్దరి ముచ్చట రాయమన్నరు అంటివి. రెండోది ఎవలది?”

సారు చెయ్యి డైరీ మీదికి పోయింది. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. అక్కడ ఆగాడు.

సుమతి. ముస్తాబాద్ మనిషి. మొగుడి దెబ్బలకు చెయ్యి విరిగి, చిన్నబిడ్డను ఎత్తుకుని ఇల్లు వదిలి వచ్చిన మనిషి. సిరిసిల్లలో ఒక గది కిరాయికి తీసుకుని, బట్టలు కుట్టే కాడ పనికి పోతోంది. మొగుడి మీద కేసు నడుస్తోంది. ఎక్కడుందో మొగుడికి తెలియకూడదని కాగితాలన్నీ ఈ ఆఫీసు పేరు మీదికే తెప్పిస్తున్నారు. ఆమె గది ఎక్కడో ఈ గదిలో ముగ్గురికే తెలుసు. ఆ ముగ్గురిలో ఒకరు డైరీలో ఆమె చెప్పుకున్న మాటలన్నీ రాసి, ‘ప్రస్తుత చిరునామా’ అన్న చోట వీధితో సహా నింపి పెట్టారు. గడి ఖాళీగా వదిలితే మార్కు పోతుందని.

పూజకు మళ్లీ ఫోను చేసి, గీత దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

“పూజా, రెండో ఇంటర్వ్యూ సుత సదివి వినిపించినవా?”

“లే. అది ఏడుపు ముచ్చట, ఎవలకు సదువలే.”

గీత ఫోను పెట్టెయ్యబోయింది. పూజ చెప్పుకుపోతోంది.

“గని అందరు అడుగుతున్నరు గదనే. అరవై మందిమి ఉన్నం, ఒక్కొక్కలకు డైరీ ఏడ తిప్పను? ఎవలకు కావాల్నో వాళ్లే దింపుకుంటరని గురువారం నాడే పేజీలన్ని ఫొటో తీసి క్లాస్ గ్రూపుల పెట్టిన. మన ముస్తాబాద్ పిలగాండ్లయితె దండాలు పెట్టిండ్రు.”

గురువారం. ఈ రోజు శనివారం.

సారు పూజ ఫోను కట్ చేసి, సుమతి నంబరుకు చెయ్యమని వేలితో చూపించాడు. గీత వేలు రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి గంట మోగింది. వెంటనే ఎత్తారు. వెనుక స్టవ్ చప్పుడు, గిన్నె చప్పుడు, పిల్ల నవ్వు.

“నమస్తే మేడం! గిప్పుడే మీ ముచ్చటనే నడుస్తున్నది” అన్నది సుమతి. ఆ గొంతులో ఎన్నడూ లేని తేలిక. “మీరు పంపిన మనిషి అచ్చిండు గద.”

“ఏ మనిషి సుమతక్కా?”

“మీ గుమస్తా సారు. పోచయ్య సారు కాదు, కొత్తగ చేరినాయనట. ముందుగాల నేను తలుపు తియ్యలే మేడం, మీరు చెప్పింది యాదికున్నది. ఆయన బయటి నుంచే చెప్పిండు. నా బిడ్డ నిద్రల లేశి తలుపు దిక్కు సూస్తదని, గొళ్లానికి చెంచా అడ్డం పెట్టుకుంటనని, నేను మీకు చెప్పినయన్ని అట్లట్లనే చెప్పిండు. గవి మీకు తప్ప ఎవలకు తెల్వయి గద. నమ్మి తీసిన. కూసున్నడు. బిడ్డను ఒళ్ల కూసొవెట్టుకున్నడు. చాయ్ పెడుతున్న. ఆయనకు ఇయ్యాల్నా మేడం ఫోను?”

ఆ ఆఫీసుకు ఉన్నది ఒక్కడే గుమస్తా. ఆయన గీతకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన తాళాల గుత్తి ఇంకా బల్ల మీదే ఉంది.